దిల్‌సుఖ్‌నగరము మొదలు ఎల్బీనగరము దాక

భాగ్యనగరమునకు తూర్పుకొసను దిల్‌సుఖ్‌నగరము, ఎల్బీనగరము అను రెండు పేటలు గలవు. మొదటి పేరునకు హృదయసుఖము నిచ్చునదని యర్థము. ఆ సుఖ మెంతమాత్రమో సాయంకాలము ఆరుగంటలకు అచ్చటి వీథిని దాటజూచిన వారికి దెలియును. రెండవది మన పూర్వ ప్రధానమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర వెలసినది. 2007వ సంవత్సరము వఱకు వేఱు పురపాలకసంఘముగా నుండి, ఆ యేట మహానగర పాలకసంస్థలో గలిసినది. విజయవాడకు బోవు 65వ నంబరు జాతీయరహదారి ఈ రెండు పేటలను పూసలవలె గ్రుచ్చుకొని పోవుచున్నది. ఆ దారికి మీదుగా 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి మెట్రో రైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగరము అని వరుసగా నాలుగు స్టేషనులు. పైన రైలు నిశ్శబ్దముగా బోవుచుండ, క్రింద మోటారుసైకిళ్ళు వానకాలపు ఏఱువలె పాఱుచుండును.

1885వ సంవత్సరమున జర్మనీదేశమున డైమ్లరు, మేబాకు అను నిరువురు మొదటిసారి పెట్రోలుతో నడచు రెండుచక్రముల బండిని నిర్మించిరి. అప్పటి కది వింత. ఇప్పుడో, ఉపాధ్యాయుని యింట నదియే రథము, అదియే సరకులబండి. బడికి, బజారుకు, పురిటికి, పెండ్లికి, ఆసుపత్రికి దానిమీదనే ప్రయాణము. ఐనను "బండి సంగతి మగవారిది" అని మన మూరకుందుము. కైకేయి రథచక్రపు శీల యూడినపుడు తన వ్రేలు నుంచి దశరథుని గాచెనని లోకులు చెప్పుకొందురు. వాల్మీకమున వ్రేలిమాట లేదు గాని, యుద్ధమున నామె సారథ్యముచే రాజు బ్రదికెనను మాట గలదు. చక్రముమీద గూర్చుండువారికి చక్రమునుగూర్చి తెలియవలెనను నీతి యేది చదివినను నొక్కటియే.

మొన్న ఆషాఢమాసమున నొక యాదివారము, మా బండిని మరమ్మతునకు విడిచి, మా వారును మేమును ఈ దారి పొడవునను కాలినడకను బోయితిమి. రోజు బండిమీద గాలివలె దాటిపోవు త్రోవ, నడచినపుడు పాఠమువలె విప్పుకొన్నది. అందు గ్రహించిన సంగతులు సోదరీమణులకు బనికివచ్చునని వ్రాయుచున్నాము.

దిల్‌సుఖ్‌నగరము విద్యార్థుల పేట. నల్లగొండ, ఖమ్మము, పాలమూరు మొదలగు సీమలనుండి ఉద్యోగపరీక్షలకు జదువవచ్చిన పిల్లలతో వసతిగృహములు నిండియుండును. వారి బండ్లు సందులలో వరుసలు తీరి నిలిచియుండును. కాలిబాటపై హెల్మెట్టులు గుట్టలుగా బోసి యమ్ముచుండిరి. చూచుట కన్నియు నొక్కటియే. ఒకదానిని చేతబట్టి బొటనవ్రేలితో నొత్తగా అట్టపెట్టెవలె లోనికి బోయినది. పోలీసువారి జరిమానానుండి తప్పించుకొనుటకే గాని, తల గాచుట కది పనికిరాదు. 2021 జూను 1వ తేదీనుండి ఐ.ఎస్.ఐ. ముద్రలేని హెల్మెట్టులు చేయుటయు, అమ్ముటయు చట్టవిరుద్ధము. ఆ ముద్రకు పైన 4151 అను సంఖ్య యుండవలెను. తలకు బెట్టుకొని అటునిటు ద్రిప్పినపుడు హెల్మెట్టు తలతోగూడ దిరుగవలెను, తలమీద దొర్లరాదు. గడ్డముక్రింది పట్టీ బిగించినపిమ్మట రెండువ్రేళ్ళకంటె నెక్కువ సందు ఉండరాదు.

మన స్త్రీలకు వేఱొక చిక్కు గలదు. కొప్పుపై హెల్మెట్టు కూర్చుండదు. నెత్తిమీద నిలిచి, దెబ్బ తగిలిన క్షణమున నెగిరిపోవును. కావున ప్రయాణమునాడు మెడక్రిందికి వదులుగా నల్లిన జడయే మేలు. పూలు సంచిలో నుంచుకొని, దిగిన పిదప తుఱుముకొనవచ్చును. లోని మెత్తను ఊడదీయు వీలున్నచో నెలకొకసారి కుంకుడురసముతో నుదికి నీడనారవేయవలెను. ఒకసారి గట్టిగా నేలగొట్టుకొన్న హెల్మెట్టు పైకి బాగుగ గనబడినను లోని తెల్లని బెండు నలిగిపోయి యుండును. దానిని మఱల వాడరాదు. 1988నాటి మోటారువాహనముల చట్టము 2019లో సవరింపబడినది. దానిప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును, ముందు గూర్చున్నను వెనుక గూర్చున్నను, హెల్మెట్టు పెట్టుకొనవలసినదే. నాలుగేండ్లలోపు పిల్లలకు నడపువానితో గట్టి పట్టీయు, చిన్న హెల్మెట్టును ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేసిరి. పసిబిడ్డను ఒడిలో బెట్టుకొని పోవు తల్లులు దీనిని గమనింతురుగాక.

చైతన్యపురి చేరునప్పటికి ప్రొద్దెక్కినది. అచ్చట నొక సందులో మెకానిక్కుల చిన్న కొట్లు గలవు. ఒక వృద్ధుడు, చుట్టుపట్ల పిల్లలందఱు ఉస్తాదని పిలుచువాడు, నేలపై గూర్చుండి బండిచక్రము విప్పుచుండెను. ఉపాధ్యాయుని భార్య చైను సంగతి యడుగుట చూచి మొదట నవ్వెను. పిదప ప్రక్కకు జరిగి చోటిచ్చి చెప్పెను. "అమ్మా, బండి చెడిపోయేముందు మాట్లాడుతది. ముందు కూర్చున్నాయనకు ఇంజను చప్పుడే వినబడుతది. వెనుక కూర్చున్న మీకు చైను మాట వినబడుతది. మీరే చెప్పాలె."

ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది. మన దేశపు సాధారణపు బండ్లకు ఎడమప్రక్కనే చైను. మనము కూర్చుండుటయు కాళ్లు ఎడమప్రక్కకే. బండి గతుకులలో దిగినపుడు రేకుపెట్టెలోనుండి టకటకయని చప్పుడు వచ్చెనా, చైను వదులైనదని తెలియవలెను. ఆ పెట్టెకు అడుగున రబ్బరు బిరడా యొకటి యుండును. దానిని దీసి, ఇంజను ఆపి, చైను నడిమిభాగమును వ్రేలితో పైకి క్రిందికి గదల్పగా సుమారొక యంగుళము కదలవలెను. అంతకు మించినచో పండ్లచక్రముపైనుండి జాఱి చక్రము బిగిసిపోవచ్చును. అసలు కదలకున్నచో చైనును, చక్రపు బేరింగులును త్వరగా నరిగిపోవును. ఒక్కొక్క బండికి కొలత కొంచెము మాఱును. బండితో నిచ్చిన పుస్తకమున నది వ్రాసియుండును. అయిదువందల కిలోమీటర్లకొకసారియు, పెద్దవానలో దడిసిన మఱునాడును చైనుకు నూనె పట్టింపవలెను. ఇంజను నడచుచుండగా గుడ్డతో చైనును దుడుచుట మాత్రము చేయరాదు. గుడ్డతో వ్రేలు లోనికి బోవుటకు రెప్పపాటు చాలును. ఉస్తాదు తన యెడమచేతిని జూపెను. చూపుడువ్రేలు సగమే యున్నది.

తక్కినవి అతడు మా యింటిపనులతో బోల్చి చెప్పినట్లే తోచినది. క్లచ్చిపిడికి కొన యొద్ద అరయంగుళము వదులుండవలెను. వదులు లేనిచో క్లచ్చి జాఱి, ఇంజను అఱచుచున్నను బండి సాగదు. వదులెక్కువైనచో గేరు పడునపుడు కటుక్కుమనును. కుట్టుమిషను దారపుబిగి సరిచేయువారికి ఇది క్రొత్తగాదు. గాలి జల్లెడలో దుమ్ము నిండినచో పెట్రోలు ఎక్కువ త్రాగును. ఇది మూతబడిన పొయ్యివంటిది. ఇంజను నూనె మట్టమును వారమునకొకసారి, బండిని తిన్నగా నిలిపి చూడవలెను. టైర్లలో గాలి, బండి చల్లగా నున్నపుడు కొలువవలెను. చిన్న బండ్లకు ముందు చక్రమున 25 పౌన్లు, వెనుక చక్రమున ఒక్కరికి 28 పౌన్ల ప్రాంతము సాధారణము. ఇద్దఱెక్కినపుడు వెనుక నంతకంటె నెక్కువ కావలెను. ఆ లెక్క కూడ పుస్తకమందే యుండును. భార్యాబిడ్డలతో బయలుదేఱునాడు ఒంటివాని గాలితో బోవుటచేతనే టైర్లు వేడెక్కి పగులుట, మలుపులలో బండి ఊగుట జరుగును. 2020 ఏప్రిలునుండి వచ్చిన క్రొత్తబండ్లలో పెక్కింటికి చోకు లాగవలసిన పని లేదు. పెట్రోలును యంత్రమే కొలిచి చిమ్మును. పాతబండి గలవారు మాత్రము చలికాలపు ప్రొద్దున చోకు లాగి, ఇంజను వేడెక్కగనే మఱల మూయుట మఱవరాదు.

అక్కడినుండి రహదారికి దక్షిణముగా సరూర్‌నగరు చెఱువు గలదు. 2020 అక్టోబరు నడుమ గురిసిన కుంభవృష్టికి ఆ చెఱువు పొంగి, చుట్టుపట్ల కాలనీలు నీట మునిగినవి. వాకిళ్లలో నిలిపిన బండ్లు పెక్కు సీటువఱకు మునిగినవి. నీరు దీసిన పిమ్మట ఆతురతతో మీట నొక్కిన బండ్లే యెక్కువగా జెడిపోయినవని ఉస్తాదు చెప్పెను. కారణము సులభము. గాలిని నొక్కవచ్చును, నీటిని నొక్కలేము. సిలిండరులో నీరుండగా ఇంజను తిరిగినచో లోని కడ్డీ వంగిపోవును. కావున మునిగిన బండిని మీట నొక్కక, కిక్కు కొట్టక, త్రోసికొనియే మెకానిక్కు కడకు గొనిపోవలెను. ప్లగ్గు విప్పి నీరు దీయించి, నూనె మార్పింపవలెను. నూనె మజ్జిగవలె తెల్లబాఱినచో దానిలో నీరు గలిసినదని గుర్తు. వాననీటిలో నడచివచ్చిన బండికి బ్రేకులు కొంతసేపు పట్టవు. మెల్లగ బోవుచు, రెండు మూడు సారులు బ్రేకు తేలికగా నొక్కి యారనిచ్చి, పిదపనే వేగము పెంచవలెను.

తరువాతి స్టేషనునకు విక్టోరియా మెమోరియల్ అని పేరు. విక్టోరియారాణి జ్ఞాపకార్థము నిజాముల కాలమున వెలసిన అనాథబాలల శరణాలయము సమీపముననే గలదు. అచ్చట నీడన నిలిచి, దారినిబోవు బండ్లను మేము చాలసేపు చూచితిమి. మా కన్నులు వెదకినది శారీగార్డులను. వెనుకచక్రమునకు ఎడమప్రక్కన నుండు ఇనుపచట్రమునే శారీగార్డందురు. 1989నాటి కేంద్ర మోటారువాహనముల నియమములలో 123వది, వెనుక గూర్చున్నవారి వస్త్రములు చిక్కకుండ చక్రమున సగమునకు దక్కువగాకుండ కప్పు ఉండవలెననియు, పట్టుకొనుటకు పిడియు కాలుంచుటకు మెట్టును ఉండవలెననియు శాసించుచున్నది. అనగా అది అలంకారము గాదు, మన హక్కు. ఐనను పడుచువారి బండ్లలో పెక్కింటికి అది లేదు. అందమునకు అడ్డమని విప్పించివేయుచున్నారు.

మాకు వరుసకు వదినెగారగు నొక యిల్లాలు, కొన్నేండ్లక్రిందట భర్త వెనుక గూర్చుండి నాగార్జునసాగరు దారిని బోవుచుండెను. అంతకు నెలదినముల ముందు ఒక దుకాణమున బండికి క్రొత్త సామానులు బిగించుచు శారీగార్డును దీసి, మఱల నమర్పక పంపివేసిరి. గాలికి కొంగు జాఱి చక్రమున జుట్టుకొన్నది. కొంగు పట్టుకొని తీయుటకుగూడ సమయము చాలలేదు. ఆమె వెనుకకు లాగబడి దారిపై బడెను. కుడిచేయి విఱిగెను. తలకు హెల్మెట్టుండుటచే ప్రాణము దక్కెను. నాలుగునెలలు అన్నము కలుపుకొనలేక, కూతురు తినిపింప దినెను. ఇప్పటికిని ఆ చేతితో బిందె యెత్తలేదు. ఆ యినుపచట్రము మాత్రము వారి యటుకపై చెక్కుచెదరక యున్నది.

ఇది మన దేశపు చీరలకే వచ్చిన యాపద గాదు. 1927 సెప్టెంబరులో ఫ్రాన్సుదేశమున నీస్ పట్టణమందు ఇసడోరా డంకను అను జగద్విఖ్యాత నర్తకి మూతలేని కారులో బోవుచుండగా, మెడలోని పొడవైన వస్త్రము చక్రమున జుట్టుకొని క్షణములో నామె ప్రాణము దీసెను. కావున బండి యెక్కకముందే కొంగును నడుమున దోపుకొని, చున్నీని వెనుక ముడివేసి, ప్రక్కన వ్రేలాడు సంచిని ఒడిలోనికి దెచ్చుకొనుట మన మొదటి పని కావలెను. వానకు కప్పుకొను గొంగడివంటి రెయినుకోటు గాలికి లేచి చక్రమున బడును. చొక్కాయు లాగును వలె రెండుగా నుండు రెయినుకోటే మేలు. దిగునపుడు కుడిప్రక్క సైలెన్సరు కాలి మండుచుండును. పిల్లలను ఎడమప్రక్కనే దింపవలెను.

ఎల్బీనగరమున పైవంతెనలు, క్రిందిదారులు పెనవైచుకొని యున్నవి. సూర్యాపేట, విజయవాడ, నల్లగొండ, సాగరు బస్సులకై జనులు మూటలతో నిలిచియుందురు. పట్టణపు నెమ్మది యిచ్చట ముగిసి, రహదారి వేగము మొదలగును. ఇచ్చట బండి ఆపి, రెండు బ్రేకులు పట్టుచున్నవో లేవో, వెనుకదీపము వెలుగుచున్నదో లేదో చూచుకొని పోవుట మంచిది. చూచువారు వెనుక గూర్చున్నవారే కావచ్చును.

విజయదశమినాడు మనము బండికి పసుపుకుంకుమలు బెట్టి, దండ వేసి, చక్రములక్రింద నిమ్మకాయ లుంచెదము. సోదరీమణులారా, ఆ పూజ మానవలదు. దానికి ముందు చైను, గాలి, బ్రేకు, నూనె, శారీగార్డు అను నైదింటిని మీ కన్నులతో జూడుడు. శారీగార్డు లేనిచో కొన్ని వందల రూపాయలు వెచ్చించి ఆనాడే బిగింపింపుడు. పండుగనాడే గాదు, ప్రతి శనివారము అభ్యంగనపు నూనె దీయునపుడు చైను సంగతి జ్ఞాపకము చేసికొన్నను చాలును. "బండి చప్పుడు మాఱినది, చూపింపుడు" అని ఇంటివారితో మొదట మనమే చెప్పవలెను. చెప్పుటకు మనకు తెలివియు గలదు, వెనుకసీటున గూర్చుండువారము గనుక అధికారమును గలదు.