మూడో మందు

తెలుగులో ‘మందు’ అన్నది ఒక్కటే మాట గానీ, వస్తువులు మూడు. ఒకటి రోగానికి, రెండోది సాయంత్రానికి, మూడోది తుపాకికి. మొదటి రెంటి మీదా రాసినవారు కొల్లలు. ఈ టపా మూడోదాని గురించి. అహింసాప్రియులైన మిత్రులు కంగారుపడనక్కరలేదు. ఇందులో రక్తపాతం లేదు. కాగితం మీది నల్లని వృత్తానికి చిల్లులు పొడవడమొక్కటే ఉంది.

ఒహాయోలో మా పక్కింటి పెద్దాయన యంత్రాల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. వారానికి రెండుసార్లు పిస్తోలుతో గురి సాధన చేసేవాడు. ఆ పోటీని అక్కడ ‘బుల్స్ ఐ’ అంటారు. నిలబడి, ఒంటిచేత్తో, 25 గజాల నుంచీ 50 గజాల నుంచీ కాల్చాలి. 50 గజాల లక్ష్యంలో పది మార్కుల వృత్తం అడ్డకొలత 3.36 అంగుళాలు. అంటే చిన్న పూరీ అంత. ఎరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచీ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఏటా వేసవిలో అక్కడికి వెళ్ళిరావడం ఆయనకు తీర్థయాత్ర.

ఆయన తూటాలు కొనడు. ఇంటి నేలమాళిగలో బల్ల మీద తానే కూర్చుకుంటాడు. కాల్చిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రంచేసి, అడుగున కొత్త ప్రైమరు బిగించి, మందు పోసి, పైన గుండు కూర్చి నొక్కడం, ఇంతే పని. నాకు పచ్చకార్డు వచ్చిన ఏడాది ఆ బల్ల దగ్గర శిష్యరికం మొదలుపెట్టాను. మొదటి రోజే అడిగాను: “అన్నిటికన్నా మంచి మందు ఏది?”

“ఏ తుపాకికి? ఏ గుండుకి? ఎవరి చేతికి?” అన్నాడు. మూడో ప్రశ్న నాకప్పుడు అర్థం కాలేదు.

పొగరాని మందు 1884లో ఫ్రాన్సులో పాల్ వియేయ్ చేతిలో రూపుదిద్దుకుంది. మన దీపావళి మందులా అది సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం కాదు. నైట్రోసెల్యులోజు దానికి మూలం. కొన్ని రకాల్లో నైట్రోగ్లిసరిను కూడా కలుస్తుంది. అది పలుకు పైభాగం నుంచి లోపలికి కాలుతుంది. పలుకు ఆకారమూ పరిమాణమూ పైపూతా మార్చి, ఎంత త్వరగా కాలాలో తయారుచేసేవాళ్ళే నిర్ణయిస్తారు. రైఫిలు గొట్టం పొడవు కనుక దానికి నిదానంగా కాలేది కావాలి. పాత 1911 నమూనా పిస్తోలుకు గొట్టం ఐదంగుళాలే. తేలికపాటి తూటాలో నిదానపు మందు పోస్తే సగం కాలి, మిగిలినది పలుకులుగా బయటపడుతుంది. అందుకే గురిపోటీలవాళ్ళు త్వరగా కాలే మందునే వాడతారు. పైగా అది కొంచెమే చాలు, వెనక్కి తన్నేదీ తక్కువ. ‘బుల్స్ ఐ’ అనే పేరుతోనే ఒక మందు 19వ శతాబ్దం చివరి నుంచీ వాడుకలో ఉంది.

ఆ తరువాతిది కొలత. మందును తూచేది గ్రెయిన్లలో. పౌనుకు ఏడు వేల గ్రెయిన్లు. మన కంసాలి గురివిందగింజ సుమారు రెండు గ్రెయిన్ల ఎత్తు. అయితే ప్రతి తూటాకూ త్రాసు పట్టుకుని కూర్చుంటే తెల్లవారుతుంది గనుక చిన్న కొలపాత్రతో పోస్తారు. ఇక్కడ పలుకు ఆకారం ముఖ్యం. సోలతో ఆవాలు కొలిస్తే ప్రతిసారీ ఒకటే బరువు వస్తుంది. అదే సోలతో అటుకులు కొలిచి చూడండి! గుండ్రని పలుకులు ఆవాలు, రేకుల మందు అటుకులు.

ఇంకో చిక్కు ఖాళీ జాగా. .38 స్పెషల్ అనే గొట్టం నల్లమందు రోజుల్లో పుట్టింది, కనుక పొడవు ఎక్కువ. త్వరగా కాలే మందు అందులో బిందె అడుగున చారెడు బియ్యంలా ఉంటుంది. తుపాకి కిందికి వంచి ఎత్తితే మందు ముందుకు జారుతుంది, పైకెత్తి దించితే వెనక్కి జారుతుంది. దాన్నిబట్టి గుండు వేగమూ మారుతుంది.

ఈ వేగాల మీద నాకు పిచ్చి పట్టింది. ఏ మందు పోస్తే వేగంలో తేడా తక్కువో పట్టికలు గీశాను. పెద్దాయన చూసి, “లెక్క వెయ్యి” అన్నాడు. వేశాను. సెకనుకు 750 అడుగుల వేగంతో పోయే గుండు మరో ఇరవై అడుగుల వేగం అందుకున్నా, 50 గజాల దగ్గర ఎత్తులో వచ్చే తేడా అర అంగుళం లోపే. నా చెయ్యి వణికే వణుకులో అదెంత?

ఇంకోరోజు ఆసరా మీద పెట్టి ఐదేసి తూటాలు రెండు కాగితాల మీద కాల్చాడు. ఒకదాని మీద చిల్లులు గుత్తిగా పడ్డాయి, రెండోదాని మీద చెదిరాయి. “మొదటి మందే మేలు” అన్నాను. “రెండూ ఒకే పెట్టెలోవి” అని నవ్వాడు. ఐదు చిల్లులను చూసి తీర్పు చెప్పకూడదని ఆనాడు తెలిసింది. మంచి గుండు, మంచి గొట్టం, ఆ తరువాతే మందు అనేవాడు.

తరువాతి సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఓ ఆదివారం పెద్దాయన పైన కాఫీ కాస్తున్నాడు. చెక్కపలకలో యాభై గొట్టాలు నిలబెట్టి వరసగా మందు పోస్తున్నాను. అమ్మ ఫోను చేసింది. నాన్నకు గుండెనొప్పి, ఆసుపత్రిలో చేర్చారట. ఐదు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ కూర్చుని మిగతావి పోశాను. ఎందుకు లేచి వెళ్ళిపోలేదో తెలియదు. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించింది.

పెద్దాయన దిగివచ్చి, రోజూలాగే టార్చిలైటు పలక మీద వేశాడు. మూడో వరసలో ఒక గొట్టంలో మందు ఎత్తుగా ఉంది. రెండుసార్లు పోశాను. పొడవాటి గొట్టం కనుక పొర్లిపోలేదు, చక్కగా ఇమిడిపోయింది. దాని మీద గుండు కూర్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, తుపాకి చేతిలో పగిలేదాకా.

ఆయన కోప్పడలేదు. నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. యాభై గొట్టాలూ బోర్లించి, “ఇవాళ్టికి చాలు, ఇంటికి వెళ్ళు” అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక మా ఊరి దీపావళి గుర్తుకొచ్చింది. చిచ్చుబుడ్ల మందు తాతయ్య తానే కలిపేవాడు. ఆ పని మీద ఉన్నవారిని ఎవరూ పిలవకూడదు, పిలిచినా పలకకూడదు అనేది ఇంట్లో శాసనం. ఓ ఏడు బాబాయి పలికాడు. కుడిచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మర్నాటి వారం పెద్దాయన నా కోసం వేరే డబ్బా తీసిపెట్టాడు. అంతే ఎత్తుకు ఎక్కువ జాగా తీసుకునే గుల్ల మందు అది. రెండోసారి పోస్తే గొట్టం నిండి పొర్లిపోతుంది, కప్పిపుచ్చుకోవడం కుదరదు. “నీకు మంచి మందు ఇది” అన్నాడు. ‘ఎవరి చేతికి’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. గురిలో మాత్రం నాకే తేడా కనిపించలేదు.

ఇక్కడ తూకాలు కావాలనే రాయలేదు. మందు తయారుచేసేవాళ్ళు అచ్చువేసే పట్టికలే ప్రమాణం. వాటిలో తక్కువ తూకంతో మొదలుపెట్టాలి, బల్ల మీద ఒక్క డబ్బాయే ఉండాలి. మన దేశంలోనైతే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం.

నాన్న కోలుకున్నాడు. ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అమ్మ పిలిచినా పలక్కూడదురా” అన్నాడు.

పెద్దాయన కళ్ళకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. మందు ఇంకా తానే పోస్తాడు. పోయడం అయ్యాక పలక నా ముందుకు జరిపి, టార్చిలైటు నా చేతికిస్తాడు.