బొగ్గు దారిలో కొత్త కాంట్రాక్టు

కొత్తగూడెం నుంచి ఇల్లెందు వెళ్తుంటే దారిలో తగులుతుంది టేకులపల్లి. పేరులోనే టేకు ఉంది. చుట్టూ అడవి, కోయగూడేలు, లంబాడా తండాలు... మధ్య మధ్య పత్తి చేలు. మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని. దుమ్ము రేపుకుంటూ తిరిగే టిప్పర్లు. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది.

విదేశీ కంపెనీ అనే మాట ఈ దారికి కొత్తేం కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. ఇంగ్లండులో ఏర్పాటైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వుకునే హక్కులు సంపాదించింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో ఆ ఆస్తులన్నీ సింగరేణి కాలరీస్ చేతికొచ్చాయి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొనేసింది.

అందుకే బొగ్గుబెల్టులో ఉద్యోగం మాటెత్తితే ముందొచ్చే ప్రశ్న ఒకటే... 'పర్మినెంటా, కాంట్రాక్టా?'

ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు ఇంట్లోనే కూర్చుని అమెరికా కంపెనీకి పని చేస్తానంటే పెద్దలు అడిగేదీ అదే. జవాబు... కాంట్రాక్టే! గనిలో కాంట్రాక్టు కార్మికుడికి పీఎఫ్ కట్టే బాధ్యత కాంట్రాక్టరుది. ఇక్కడ కాంట్రాక్టరూ తానే, కార్మికుడూ తానే. పీఎఫ్, గ్రాట్యుటీ, జీతంతో కూడిన సెలవు... ఏదీ ఉండదు. జబ్బు చేస్తే ఆదాయం ఆగుతుంది. కాబట్టి వచ్చే డాలర్లను ఉద్యోగి జీతంతో నేరుగా పోల్చకూడదు. ఆరోగ్య బీమా, పొదుపు, పన్ను పక్కన పెట్టాకే లెక్క చూసుకోవాలి.

కాగితాలూ ముఖ్యమే. నెలనెలా ఇన్వాయిస్ పంపాలి. విదేశీ సొమ్ము వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం దాచుకోవాలి. ఇంజినీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి నిర్దేశిత వృత్తులవారు పరిమితికి లోబడి రాబడిలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే వీలును 2016 బడ్జెట్ తెచ్చింది. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఎగుమతి చేసిన సేవకు ఆ పన్ను సున్నాయే. కాకపోతే ఎల్‌యూటీ అనే హామీపత్రం ముందే దాఖలు చేయాలి.

అసలు చిక్కు డబ్బు ఎగ్గొడితేనే. నెల బిల్లు కోసం పరాయి దేశపు కోర్టుకెక్కడం అయ్యే పనేనా? అందుకే ఒప్పందంపై సంతకం పెట్టేముందే మూడు సంగతులు చూసుకోవాలి. బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు? పని ఆపేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి? తగవొస్తే ఎక్కడ తేలుతుంది? మొదట్లో కొంత అడ్వాన్సు, పదిహేను రోజులకో బిల్లు అడగడం మేలు.

ఇక పనివేళలంటారా? చలికాలంలో ఇక్కడ రాత్రి ఏడైతే న్యూయార్క్‌లో పొద్దున ఎనిమిదిన్నర. నైట్ షిఫ్టు సంగతి ఈ ఊళ్లకు ఒకరు నేర్పాలా!