కూతురు చెప్పిన కాటన్ దొర కథ

1900వ సంవత్సరంలో లండన్‌లోని హాడర్ అండ్ స్టౌటన్ సంస్థ జనరల్ సర్ ఆర్థర్ కాటన్ జీవితచరిత్రను ప్రచురించింది. రచయిత్రి లేడీ హోప్, కాటన్ కుమార్తె. తండ్రి కన్నుమూసిన మరుసటి ఏడాదే వెలువడిన ఈ గ్రంథానికి విలియం డిగ్బీ కరువు నివారణపై రాసిన అధ్యయనాలను కూడా జతచేశారు. 1876-78 నాటి దక్షిణ భారత క్షామంపై అప్పటికే గ్రంథం రాసిన పాత్రికేయుడు డిగ్బీ. ఒకే సంపుటిలో ఒక ఇంటి మనిషి జ్ఞాపకమూ, ఒక దేశపు ఆకలి లెక్కా పక్కపక్కన చేరాయి. కాటన్ జీవితాన్ని చెప్పడానికి ఈ రెండూ కావాలి.

తెలుగు పాఠకులకు కాటన్ గుర్రం మీద కూర్చున్న విగ్రహంగా పరిచయం. గోదావరి జిల్లాలలో ఆయన విగ్రహం లేని పెద్ద ఊరు అరుదు. నదీస్నానం చేస్తూ సంకల్పంలో ఆయనను తలచిన పండితులున్నారని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. అపర భగీరథుడన్న మాట ఆయన పేరుకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. అంత ఎత్తున నిలిపాక మనిషి కనబడటం కష్టం. ఆ మనిషిని చూడాలనుకునేవారికి కుమార్తె రాసిన పుస్తకం ఒక దారి.

కాటన్ 1803 మే 15న పుట్టారు. పదకొండుమంది అన్నదమ్ములలో పదవవాడు. అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. 1821లో భారతదేశానికి వచ్చేనాటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. ఆ తరువాత కావేరి ఆయనకు గురువైంది. తంజావూరు పొలాలకు చేరవలసిన నీరు కొల్లడం పాయలోకి జారిపోతుండగా, 1836లో దానిపై ఆనకట్టలు కట్టి ఆ నీటిని మళ్లీ కావేరి వైపు తిప్పారు. అక్కడికి దగ్గరలోనే చోళుల నాటి కల్లణై ఉంది. అడుగు దొరకని ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను ఈ దేశపు పాత ఇంజనీర్ల నుంచే నేర్చుకున్నామని కాటన్ తరువాతి కాలంలో బాహాటంగా ఒప్పుకున్నారు. పాలకజాతికి చెందిన సైనికాధికారి ఆ మాట రాయడం ఆనాటికి చిన్న విషయం కాదు.

పెళ్లి ఆలస్యమైంది. ఆరోగ్యం చెడి సెలవు మీద టాస్మేనియా వెళ్లిన కాటన్, 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడారు. అప్పటికి ఆయన వయస్సు 38. మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడే కుమార్తె పుట్టింది. తల్లి పేరే బిడ్డకూ పెట్టారు. ఈ బిడ్డే తరువాతి కాలపు లేడీ హోప్. తిరిగివచ్చిన కాటన్ కొంతకాలం విశాఖపట్నంలో సముద్రపు కోత సంగతి చూశారు. తరువాత పిలుపు రాజమండ్రి నుంచి వచ్చింది.

ఆనాటి గోదావరి సీమ ఇప్పటి కోనసీమ కాదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు, 1839లో కోరంగి మీద విరుచుకుపడిన ఉప్పెన, వాటి వెంట వలసలు ఆ సీమను కుంగదీశాయి. ఎదుట ఏడాది పొడవునా పారే మహానది, పక్కనే ఎండిన చేను. ఈ వైపరీత్యమే కాటన్ నివేదికలకు ప్రాణం. ధవళేశ్వరం దగ్గర నది లంకల మధ్య నాలుగు పాయలుగా విడిపోతుంది. రాయి ఒడ్డునే కొండలో దొరుకుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, మొత్తం మూడున్నర కిలోమీటర్లకు పైగా పొడవున ఆనకట్ట కట్టవచ్చని ఆయన లెక్కగట్టారు. 1847లో పని మొదలై, 1852లో పూర్తయింది.

ఆ అయిదేళ్లూ కాటన్ నిరాటంకంగా అక్కడ లేరన్నది విగ్రహం చెప్పని సంగతి. పని నడుమలోనే ఆరోగ్యం మళ్లీ దెబ్బతిన్నది. 1848లో బాధ్యతను కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లి, 1850లో తిరిగివచ్చారు. ఆనాటి వైద్యానికి జ్వరమంటే చెడుగాలి. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. అప్పటికి కాటన్‌కు 94 ఏళ్లు. కారణం తెలియని జ్వరాల నడుమ, నదీతీరపు తేమలో, వేలాది కూలీలు వేసవి వెంబడి వేసవి రాయి మోశారు. అధికారికి సముద్రయానం మందయింది. కూలీకి ఆ అవకాశం లేదు. వారిలో ఎందరు ఇంటికి తిరిగి వెళ్లలేదో కుమార్తె పుస్తకంలో వెతికితే దొరకదు. కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు మిగిలింది. మట్టి తవ్విన ఉప్పరుల పేర్లు, సున్నం నూరిన స్త్రీల పేర్లు మిగలలేదు.

మరొక నిజం కూడా దాచనక్కరలేదు. కంపెనీ ప్రభుత్వం ఈ ఖర్చుకు ఒప్పుకోవడానికి దయ ఒక్కటే కారణం కాదు. పండిన చేనుకు శిస్తు వస్తుంది. కాటన్ నివేదికలు కూడా రాబడి లెక్కలతోనే వాదించాయి. అయితే ఆ లెక్కల వెనుక, నీరుండగా మనిషి ఆకలితో చావడం పాలనకు అవమానమన్న కోపం ఉంది. కాలువలు పారాక సార్వా నిలబడింది, దాళ్వాకు దారి ఏర్పడింది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ అడిగినవారికీ అడగనివారికీ వండి వడ్డించగలిగింది ఈ నీటి తరువాతి కాలంలోనే. అక్కడి కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టడం ఉచితంగా ఉంది. నీరు తెచ్చినవారి పేరూ అన్నం పెట్టినవారి పేరూ ఒకే డెల్టాలో నిలిచాయి.

కాటన్ ప్రతి వాదనలోనూ గెలవలేదు. రైళ్లకన్నా పడవ కాలువలు చవక అని, దేశమంతటా నదులను కలుపుతూ జలమార్గాలు తవ్వాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆ ఆలోచనలలో పుట్టిన కర్నూలు-కడప కాలువ, తవ్వించిన కంపెనీకి నష్టాన్నే మిగిల్చి, 1882లో ప్రభుత్వ పరమైంది. మహాక్షామం తరువాత 1878లో భారత ప్రజాపనులపై ఏర్పడిన పార్లమెంటు సంఘం ఎదుట, 75 ఏళ్ల వృద్ధుడు తన లెక్కలను సమర్థించుకోవలసి వచ్చింది. ఆయన అంకెలు అతిశయమన్నవారున్నారు. కానీ ఆ క్షామంలో గోదావరి, కృష్ణా డెల్టాలు తాము నిలదొక్కుకొని ఇరుగుపొరుగు జిల్లాలకు ధాన్యం పంపాయి. వాదనకు అంతకు మించిన సాక్ష్యం ఆయన దగ్గర లేదు. అవసరమూ లేదు.

లేడీ హోప్ పుస్తకం నిజంగా వెలిగేది విశ్రాంత జీవితం దగ్గర. సర్రీలోని డార్కింగ్ పట్టణంలో కాటన్ ఊరక కూర్చోలేదు. 1876లో అరబిక్ నేర్చుకునేవారి కోసం ఒక వాచకం ప్రచురించారు. పెరటి మడిలో నేలను లోతుగా తవ్వి గోధుమ వేసి, దిగుబడి కొలుస్తూ గడిపారు. నదిని కొలిచిన చేతికి పెరడు చిన్నది కాలేదు. అదే 1876లో, డార్కింగ్ కూలీలను సారాయి దుకాణాల నుంచి మళ్లించేందుకు కుమార్తె నడిపిన కాఫీ గది గురించి ఆమె రాసిన పుస్తకానికి ముందుమాట రాసింది తండ్రే. కూతురి పనిని తన ఆనకట్టంత శ్రద్ధగా చూసిన తండ్రి ఆ ముందుమాటలో ఉన్నాడు. పావు శతాబ్దం తరువాత ఆమె ఆ రుణాన్ని జీవితచరిత్రగా తీర్చుకున్నారు.

ఆమె సాక్ష్యాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. చార్లెస్ డార్విన్ చివరి రోజులలో మతవిశ్వాసానికి మళ్లాడన్న కథను 1915లో ఒక అమెరికన్ పత్రిక ద్వారా లోకానికి చెప్పింది ఈ లేడీ హోపే. డార్విన్ కుమార్తె హెన్రియెటా దానిని సూటిగా ఖండించారు. ఒక కూతురు చెప్పిన కథను మరొక కూతురు కొట్టివేసింది. భక్తి గల కలం తనకు కావలసింది చూస్తుంది. కాటన్ చరిత్రలోనూ నీడలు తక్కువే. తండ్రి మొండితనం ఆమెకు దీక్షగా, ఓటమి లోకపు తెలివితక్కువతనంగా కనబడతాయి. అయినా నివేదికలలో దొరకనిది ఒకటి ఇక్కడ దొరుకుతుంది: ఉత్సాహం చల్లారని ఒక వృద్ధుని సన్నిధి, ఆయనతో ఒకే ఇంట బ్రతికిన వారి సంతోషం.

దీర్ఘాయువు వైద్యులకు తెలిసిన విషయమే. చాలామందికి అది పోగొట్టుకోవడాల పట్టికగా మారుతుంది. చూపు, వినికిడి, స్నేహితులు, చివరకు ఆసక్తి ఒక్కొక్కటిగా జారిపోతాయి. యవ్వనంలో పదేపదే జబ్బుపడి, సెలవుల మీద ఓడలెక్కిన కాటన్ 96 ఏళ్లు బ్రతికారు. కారణాన్ని ఆరోగ్యసూత్రంగా చెప్పడం తొందరపాటే. రేపు కొలవవలసిన గోధుమ మడి ఒకటి, వినిపించవలసిన వాదన ఒకటి, వినడానికి ఇంట్లో ఒక మనిషి ఆయనకు ఉన్నారని మాత్రం చెప్పవచ్చు. 1899 జూలై 24న డార్కింగ్‌లోనే మరణించారు.

పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చి, దానికి కాటన్ పేరే నిలిచింది. ఏటా వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. పరాయి దేశాలలో స్థిరపడిన గోదావరి బిడ్డలు కూడా ఆ అంకెలు విని, లంకలలో ఉన్న తమవారికి ఫోను చేస్తారు.