కందిరీగల సాక్ష్యము

మాధవరమున మేము పాఠము చెప్పు గది చూరున నొక కందిరీగల గూడు గలదు. దానిని జూచినపుడెల్ల మాకొక తప్పు జ్ఞప్తికి వచ్చును.

వాన దప్పిన యేడు మా ప్రాంతపు కూలికుటుంబములు మిరపకోతలకై గుంటూరు సీమకు సుగ్గికి బోవుట వాడుక. వారితో పిల్లలును బోవుదురు. అట్లొకయేడు చక్కగా జదువు బాలుడొకడు పోయెను. "వాడు మల్లా ఎప్పుడొస్తాడు సార్?" అని తోడిపిల్లలడిగిరి. మేము తేనెటీగల నుపమానముగా దెచ్చి, "రాణి రాణిగానే పుట్టును, పనికత్తె పనికత్తెగానే పుట్టును, ఎవరి పని వారిదే" యంటిమి. పిల్లలు నమ్మిరి.

పిదప బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థలో పెక్కేండ్లు కందిరీగల సంఘజీవనమును బరిశోధించిన రాఘవేంద్ర గదగ్‌కర్ గారి రచనలు మా కంటబడినవి. దక్షిణ భారతమున విరివిగా గానవచ్చు రొపలిడియా మార్జినేటా యను జాతిని గూర్చి ఆయన 2001లో నొక గ్రంథమును వెలయించిరి. ఆ గూటిలో రాణికిని పనికత్తెలకును రూపభేదము లేదు. ఒక్కొక్క కందిరీగకు రంగుచుక్క బెట్టి పరిశీలింపగా, రాణి మిగుల సాధువని తేలినది. ఉదరమందలి యొక గ్రంథినుండి వెలువడు ద్రవ్యమే ఆమె యునికిని దక్కినవానికి దెలుపును. ఆమెను దొలగించినచో, నిన్నటి పనికత్తెలలో నొకతె ఉగ్రురాలై తక్కినవానిని దరుమును. కొన్ని దినములలో గ్రుడ్లుపెట్టు రాణియై శాంతించును. పాత రాణిని వెంటనే తిరిగి యుంచినచో మరల బనికత్తెయే యగును.

ఇంతయేల? తేనెటీగలయందును రాణి పుట్టుకచే రాణి కాదు. ఒకే తీరు గ్రుడ్డునుండి వెడలిన పురుగు, దానికి బెట్టు మేతను బట్టి రాణియో పనికత్తెయో యగును. మా యుపమానమే మాకెదురు తిరిగినది.

కీటకములను జూచి మనుష్యులు ధర్మము నేర్వవలెనని మేమనము. ఇతర చీమల పుట్టలను దోచు చీమలును గలవు. అది మనకు ధర్మమగునా? కాని పుట్టుకను సమర్థించుటకు వానిని సాక్షికి బిలుచువారు సాక్ష్యమును గడవరకు వినవలదా?

ఆ బాలుడు మరల బడికి రాలేదు. మొన్న తరగతిలో మా మాట తప్పని యొప్పుకొంటిమి. ఆ చోటు శూన్యమగుటకు ప్రకృతి కారణము కాదనియు, ఎండిన చేను, తీరని యప్పు, పెద్దల యుపేక్ష కారణములనియు జెప్పితిమి.

ఒక బాలిక చూరువైపు జూచి, "అయితే అందులో రాణి ఏది సార్?" అని యడిగెను.

ఎంతసేపు చూచినను మాకు దెలియలేదు.