‘విత్’ అను తోడు

ఆంగ్లమున ‘విత్’ అను మాటకు మన ‘తో’ అని అర్థము చెప్పి ఉపాధ్యాయులము ఊరకుందుము. చిన్నయసూరి తృతీయావిభక్తిలో చేర్చిన ‘తోడ’ యను ప్రత్యయమున ‘తోడు’ స్పష్టముగా వినబడుచున్నది. ఆంగ్లపదము చరిత్ర దీనికి విపరీతము. ప్రాచీనాంగ్లమున ‘విత్’ అనగా ‘ఎదురుగా’. కూడియుండుటకు ‘మిద్’ అను వేరొక మాట యుండెను; అది ప్రసవవేళ తోడుండు మంత్రసానికి పేరైన ‘మిడ్‌వైఫ్’లో నేటికిని మిగిలియున్నది. ‘విత్‌స్టాండ్’ అనగా ఎదిరించి నిలుచుట యగుట ఆ పూర్వార్థమువలననే. వియోగ విరోధ శబ్దములలోని మన ‘వి’ దీనికి జ్ఞాతి యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఎడబాటును తెలుపు మాట కూడికను తెలుపుట వింతగా తోచును. కాని పోరాడువారును ఒకచోట కూడవలసినదే గదా! మనమును ‘మిత్రునితో వచ్చెను’ అందుము, ‘శత్రువుతో పోరాడెను’ అనియు నందుము.

ఏలూరు ప్రాంతమున కొల్లేటి లంకల పిల్లలకు ఈ రెండర్థములు బోధింప నక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు వారి పెద్దలు సరస్సుతో పోరాడుదురు. తక్కిన దినములలో దానితోనే బ్రదుకుదురు. చేపల చెరువులకై గట్లు పోసి సరస్సును ముక్కలు చేయుట కేవల విరోధము. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి; 2006లో గట్లను తెగగొట్టించిరి. అది సరస్సునకు తోడే. కాని లంకవాసుల బ్రదుకుతెరువు చూడనిచో సగము తోడే యగును.

కూడియుండువారి నడుమ తగవు తప్పదు. తగవు వచ్చినను తోడు విడువకుండుటయే ఇంటికిని, ఊరికిని మేలు.