రేల గుజ్జు, చూర్ణం పొట్లం, మన పిల్లల పేగులు

మా కోయ గూడేల్లో రేల చెట్టు అంటే పాట ఒక్కటే కాదు, మందు కూడా. ఎండాకాలంలో పసుపు పూల గుత్తులు, ఆ తర్వాత మూరెడు పొడవున వేలాడే నల్లటి కాయలు. ఆ కాయలోని జిగురు గుజ్జంటే ఎలుగుబంటికి ఇష్టం. మా అవ్వ దాన్ని కొంచెమే తీసి వేడినీళ్లలో కలిపి, కడుపు బిగిసినవాళ్లకు రాత్రిపూట ఇచ్చేది. మర్నాడు మళ్లీ అడిగితే ఇచ్చేది కాదు. "దారి తెరుచుకున్నాక ఇంకెందుకు?" అనేది.

రాత్రే ఎందుకివ్వాలో నాకు టీచర్ ట్రైనింగ్ అయ్యాక, జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు అర్థమైంది. రేల గుజ్జులోనూ సునాముఖి ఆకులోనూ ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలుంటాయి. సునాముఖిలోనివి చిన్నపేగులో పెద్దగా ఏమీ చేయవు. పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా వాటిని మారిస్తేనే మందు పనిచేస్తుంది. అందుకు 6 నుంచి 12 గంటలు పడుతుంది. మలంలోని నీటిని వెనక్కి పీల్చుకోవడం పెద్దపేగు పని. ఈ మందు ఆ పీల్చుకోవడాన్ని తగ్గించి, పేగు కండరాలను గట్టిగా కదిలిస్తుంది. ఆముదం దారి వేరు. అది చిన్నపేగులోనే విడిపోయి రిసినోలిక్ ఆమ్లమవుతుంది, 2 నుంచి 6 గంటల్లో పనిచేస్తుంది.

ఇప్పుడు సంతలో ఈ ఆకులే చూర్ణం పొట్లాలుగా అమ్ముతున్నారు. ఎంత వేయాలో, ఎప్పుడు ఆపాలో చాలా పొట్లాల మీద ఉండదు. నేను పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి అమ్మాయి రోజూ రాత్రి ఒక చెంచా మింగేది. ప్రార్థనలో నిలబడలేక కూర్చుండిపోయేది, కాళ్లు లాగుతున్నాయనేది. ఎందుకమ్మా అంటే, "అది వేసుకోకపోతే నాకు అవదు టీచర్" అంది.

ఆ మాట ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. గట్టిగా విరేచనమయ్యాక పేగు ఖాళీ అవుతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. అది తెలియక మళ్లీ బిగిసిందనుకుని ఇంకో చెంచా వేసుకుంటారు. నీటితోపాటు పొటాషియం కూడా పోతుంది. అది బాగా తగ్గితే కాళ్ల కండరాలే కాదు, పేగు కండరాలూ నీరసిస్తాయి. అప్పుడు మందే మలబద్ధకం తెస్తుంది. నెలల తరబడి వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లబడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో ఆ రంగు పోతుంది. అందుకే సునాముఖి లాంటివి డాక్టరు చెప్పకుండా వారానికి మించి వాడకూడదు.

అయితే ఆ పిల్లకు అసలు బిగింపు ఎక్కడ మొదలైంది? ఇంట్లో జొన్న గటక, ఆకుకూర తిన్న పిల్లకు హాస్టల్లో తెల్లన్నం, నీళ్ల పప్పు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసింది, వచ్చినా ఆపుకునేది. ఆపుకున్నకొద్దీ పెద్దపేగు నీరు లాగేసి మలాన్ని గట్టిపరుస్తుంది. ఏఎన్ఎం అక్క ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది. మేము గడియల కోసం తిరిగాం. మూడు నెలలకు వచ్చాయి. వాటితోపాటు ఆకుకూర, తాగునీటి బిందె కూడా వచ్చాక ఆమెకు పొట్లం అవసరం లేకపోయింది.

తోటి టీచర్లూ, కొన్ని సంగతులు పిల్లలకు తప్పక చెప్పండి. కడుపునొప్పితో వాంతులు, జ్వరం ఉంటే ఏ విరేచన మందూ ఇవ్వకూడదు. అపెండిక్స్ వాపయితే అది పగిలే ప్రమాదముంది. గర్భిణులకు ఆముదం తాగించకూడదు. అడవి ఆముదం గింజలు విషం, ఆటకైనా నోట్లో పెట్టుకోకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పెద్దల దగ్గర మందుల గురించి రాసుకునేటప్పుడు చెట్టు పేరుతో ఆగకండి. ఎవరికి ఇవ్వరు, ఎంత ఇస్తారు, ఎప్పుడు ఆపుతారు అని కూడా అడిగి రాయండి. సంతకు చేరింది ఆకు మాత్రమే. ఆపడం తెలిసినవాళ్లు ఇంకా మన గూడేల్లోనే ఉన్నారు.