పందిరి అవతలి ఇళ్లు

ఆరుబయట పాట వినడమంటే నాకు ప్రాణం. వినాయక చవితి మండపంలో, శ్రీరామనవమి చలువ పందిరి కింద, వీధి చివర షామియానా వేసిన స్టేజీ మీద ఎవరైనా శ్రుతి సరిచూసుకుంటుంటే అక్కడే నిలబడిపోతాను. అందుకే సౌండ్ తగ్గించమని అడిగే పని పాట గిట్టనివాళ్లకు వదిలేయడం నాకిష్టం లేదు. పాట కావాలనుకునేవాళ్లమే ముందు అడగాలి.

మా తాతల కాలంలో పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడేవి. అప్పుడు ఊరంతా స్టేజీ ముందే ఉండేది. ఇంటి దగ్గర మంచం పట్టిన ముసలివాళ్ల దాకా వచ్చేసరికి ఆ గొంతు పలచబడిపోయేది. ఇప్పుడు ఫంక్షన్ హాలు ప్రహరీని ఆనుకునే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటోంది. అందులో ఆ మధ్యాహ్నమే డయాలసిస్ చేయించుకుని వచ్చిన పెద్దాయన ఉంటాడు, తెల్లవారితే ఇంటర్ పరీక్ష రాయాల్సిన పిల్ల ఉంటుంది, నాలుగింటికల్లా డిపోలో ఉండాల్సిన బస్సు డ్రైవరు ఉంటాడు. వాళ్లు పాటకు శత్రువులు కారు. ఆ రాత్రికి వాళ్లకు నిద్ర కావాలి, అంతే.

చట్టం లేక కాదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి పొద్దున్న ఆరు వరకు. ఆ వేళల్లో ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా. సుప్రీంకోర్టు 2005 జులైలో ఈ విషయం మీద వివరంగా తీర్పు ఇచ్చింది. 2022లో జూబ్లీహిల్స్ పబ్బుల మోత తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది.

ఇన్ని ఉన్నా కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. దానికి నాకు కనిపించే పెద్ద కారణం కొలతలోనే ఉంది. నియమాలు చెప్పే డెసిబెల్ మనిషి చెవికి తగ్గట్టు సర్దిన కొలత. మన చెవి మంద్రపు శబ్దాలను తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి చూపిస్తుంది. డీజే బాక్సుల బేస్ ఉండే 63 హెర్ట్‌జ్ దగ్గర ఆ తగ్గింపు సుమారు 26 డెసిబెల్స్. అంటే ఇంటి ముందు 80 డెసిబెల్స్ బేస్ ఒక్కటే దడదడలాడుతుంటే మీటరు మీద 54 కనిపిస్తుంది. పగటి హద్దుకు లోపలే ఉన్నట్టు లెక్క! కానీ తలుపులు వేసుకున్నా గాయకుడి గొంతు ఆగిపోతుంది గానీ బేస్ ఆగదు. గోడలు దాన్ని ఆపలేవు. గది లోపల పాట ఉండదు, పల్లవి ఉండదు, గుండెల మీద దెబ్బలు మాత్రం మిగులుతాయి.

బ్రిటన్‌లో సంగీత కార్యక్రమాల కోసం 1995లో రాసుకున్న మార్గదర్శకాలు ఈ మంద్రస్థాయిని విడిగా చూడమన్నాయి. మనం అనుమతి కాగితంలో బేస్‌కు వేరే హద్దు ఎందుకు రాయకూడదు?

దూరాన్ని నమ్ముకుని లాభం లేదు. ఖాళీ మైదానంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. స్టేజీకి పది మీటర్ల దగ్గర 100 ఉంటే, ఎనభై మీటర్ల అవతల ఇంకా 82 ఉంటుంది. కాబట్టి సర్దాల్సింది బాక్సుల దగ్గరే. స్టేజీకి ఇటూ అటూ రెండు గుట్టలు పేర్చే బదులు, చిన్న బాక్సులు జనం మధ్య అక్కడక్కడ పెడితే అందరికీ స్పష్టంగా వినిపిస్తుంది, వీధి అవతలికి తక్కువ పోతుంది. స్టేజీ ముఖం ఇళ్లవైపు కాకుండా తిప్పవచ్చు. సబ్‌వూఫర్లను వెనకవైపు శబ్దం తగ్గేలా అమర్చడం తెలిసిన సౌండ్ ఇంజినీర్లు మన దగ్గరా ఉన్నారు. ఇవన్నీ మధ్యాహ్నం చేయాల్సిన పనులు. రాత్రి పదకొండుకు 100కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వస్తాడు, సౌండ్ తగ్గుతుంది, ఆయన బండి మలుపు తిరగ్గానే మళ్లీ పెరుగుతుంది. ఫోన్ చేసిందెవరో కాలనీకి తెలిస్తే ఆ ఇంటి ఇల్లాలికి మర్నాడు మాటలు తప్పవు. హక్కు ఉన్నా చాలామంది నోరు మెదపకపోవడానికి కారణం ఇదే.

2012లో లండన్ హైడ్ పార్కులో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, పాల్ మెకార్ట్‌నీ కలిసి పాడి ముగించగానే అనుమతించిన సమయం దాటిందని నిర్వాహకులే మైకులు ఆపేశారు. అభిమానులు నొచ్చుకున్నారు. నాకూ బాధగానే ఉంటుంది, అంత పెద్ద గాయకులు నోరు కదుపుతుంటే ఏమీ వినపడకపోవడం ఎవరికైనా లోటే. అయినా గంట కొట్టిన తర్వాత గాయకుడి పేరు చూడకపోవడం న్యాయమే.

మన దగ్గర ఆ పరిస్థితి రాకుండా చూసుకునే దారి ఒకటుంది. ఆరింటికి అని కరపత్రం వేసి, ఏడున్నరకు జ్యోతి వెలిగించి, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగి, ప్రసంగాలూ శాలువాలూ జ్ఞాపికలూ అయ్యేసరికి తొమ్మిదిన్నర. అప్పుడు పాట మొదలైతే పదింటికి ఎలా ఆగుతుంది? గాయకులను ఆరింటికే స్టేజీ ఎక్కించండి. తొమ్మిదిన్నరకు మంగళం పాడించి బాక్సులు కట్టేశాక, స్టేజీ దగ్గర చేరిన పదిమంది మధ్య సన్మానాలు చేసుకోవచ్చు. వాటికి మైకు కూడా అక్కర్లేదు.